మధురవాణిగా సావిత్రి: 'అయినా' అవసరం లేని నటన



గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' మనలో చాలామందికి మొదట పరీక్ష ప్రశ్నగానే పరిచయమవుతుంది. మధురవాణి పాత్రను చిత్రించమంటారు. 'వేశ్య అయినా ఉదాత్తురాలు' అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపితే మార్కులు వస్తాయి. ఇంటర్ నుంచి పీజీ దాకా ఆ వాక్యం మన వెంటే నడుస్తుంది. అందులో 'అయినా' అనే మాట ఒకటి ఉంది. చిన్న మాటే. కానీ అది ముందు మనిషిని ఒక మెట్టు కిందికి దించి, ఆ తర్వాత మెచ్చుకుంటుంది. 'హాస్టల్ పిల్ల అయినా బాగా మాట్లాడింది', 'గూడెం పిల్ల అయినా ఇంగ్లీషు వచ్చు' అనే మెప్పులు మనం విన్నవే కదా!

1955లో వచ్చిన 'కన్యాశుల్కం' సినిమాలో సావిత్రి గారు మధురవాణిని ఈ 'అయినా' లేకుండా నటించారు. ఆ నటన గొప్పతనమేమిటో, దాని నుంచి మనం నేర్చుకోగలిగిందేమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

నాటకం నేపథ్యం

'కన్యాశుల్కం' నాటకాన్ని మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని పూర్తిగా తిరగరాసి 1909లో రెండో కూర్పును వెలువరించారు. మొదటి కూర్పులో అయిదు అంకాలుంటే రెండో దానిలో ఏడయ్యాయి. ఆ పెంపులో ఎక్కువ లాభం పొందిన పాత్ర మధురవాణే. ఇవాళ మనం చదువుతున్నది ఆ రెండో కూర్పునే.

కన్యాశుల్కమంటే ఆడపిల్ల తండ్రి డబ్బు పుచ్చుకుని, ముసలివాడికైనా సరే, పసిపిల్లనిచ్చి పెళ్లి చేయడం. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజా తయారు చేయించారు. ఆ లెక్కలను గురజాడ మొదటి కూర్పు పీఠికలో ఇచ్చారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలను గుర్తుపెట్టుకుని చదివితే నాటకంలో నవ్వు వెనకున్న బాధ తెలుస్తుంది.

కథ క్లుప్తంగా చూద్దాం. అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. అది చాలదన్నట్టు చిన్న కూతురు సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. మేనకోడలిని కాపాడడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగడతాడు. ఈ ఎత్తు పారేలా సాయం చేసేది మధురవాణి. మొదట విజయనగరంలో గిరీశం దగ్గరా, తర్వాత రామచంద్రపురంలో రామప్ప పంతులు దగ్గరా ఉన్న వేశ్య ఆమె. దొంగ పెళ్లికూతురు మాయమయ్యాక లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. చివరికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరకు వెళ్లి నిజం చెప్పి ఆ ముసలాయన్ని కూడా కాపాడుతుంది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ నాటకంలో దాదాపు అందరూ ఏదో ఒకటి అమ్ముకుంటూనే ఉంటారు. అగ్నిహోత్రావధాన్లు కూతుళ్లను అమ్ముతాడు. రామప్ప పంతులు తగవులు పెట్టి సాక్ష్యాలమ్ముతాడు. గిరీశం ఇంగ్లీషు ముక్కలమ్ముకుని బతుకుతాడు. వాళ్లు చేసే పనికి పరువైన పేరుంది. మధురవాణి చేసే పనికి లేదు. అయితే తన పనేమిటో తెలిసి, దాన్ని దాచకుండా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఈ తెలివిడి ఆ పాత్రకు ప్రాణం. నటి మొహంలో అది కనిపించకపోతే మధురవాణి లేనట్టే.

రంగస్థలం నుంచి వెండితెరకు

సినిమాకు ముందు మధురవాణి రంగస్థలం మీద జీవించింది. అప్పట్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. సత్యభామగా, చిత్రాంగిగా పేరు పొందిన స్థానం నరసింహారావు గారు మధురవాణిగానూ మెప్పించారు. వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా అందాలి కాబట్టి రంగస్థల నటన పెద్దదిగా ఉండాలి. నడక, చేతి కదలిక, గొంతు అన్నీ ఒక పాలు ఎక్కువే కావాలి.

సినిమా కెమెరా మొహం దగ్గరికి వస్తుంది. అక్కడ అదే పాలు ఎక్కువైతే అతి అవుతుంది. కాబట్టి నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు నటికి పెద్ద చిక్కు ఎదురవుతుంది. మాటలేమో నాటకానివి, పొడుగాటివి, పదునైనవి. చూసే కన్నేమో అడుగు దూరంలో ఉంటుంది. ఈ రెండింటినీ కలపడంలోనే సావిత్రి గారి ప్రతిభ ఉంది.

సినిమాను వినోదా సంస్థ తరఫున డి.ఎల్.నారాయణ గారు నిర్మించారు. దర్శకులు పి.పుల్లయ్య గారు, సంగీతం ఘంటసాల గారు. గిరీశంగా ఎన్.టి.రామారావు, రామప్ప పంతులుగా సి.ఎస్.ఆర్.ఆంజనేయులు, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, అగ్నిహోత్రావధాన్లుగా విన్నకోట రామన్న పంతులు, బుచ్చమ్మగా షావుకారు జానకి, సౌజన్యారావుగా గుమ్మడి నటించారు. పెద్దమనిషి సౌజన్యారావు వేషం వేసిన గుమ్మడి గారికి అప్పటికి నిండా ముప్పై ఏళ్లు లేవు. సి.ఎస్.ఆర్., గోవిందరాజుల వారు రంగస్థలం మీద పండిపోయినవాళ్లు. అలాంటివాళ్ల మధ్య, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న అమ్మాయి వచ్చి నిలబడింది.

ఆ అమ్మాయి గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయారు. విజయవాడలో పెద్దవాళ్ల అండన పెరిగి, నాట్యం నేర్చుకుని, నాటకాల్లో వేషాలు వేసి, మద్రాసు చేరింది. 1953లో ఇదే వినోదా వారి 'దేవదాసు'లో పార్వతిగా అందరినీ ఏడిపించారు. ఆ సినిమాలో వేశ్య చంద్రముఖి పాత్ర లలిత గారిది. రెండేళ్లు తిరిగేసరికి అదే సంస్థ సినిమాలో సావిత్రి గారే వేశ్య వేషం కట్టారు. 1955 జనవరిలోనే 'మిస్సమ్మ' వచ్చింది. ముక్కు మీద కోపమున్న మేరీగా జనం ఆమెను నెత్తిన పెట్టుకున్న సంవత్సరమది. ఆ 'మిస్సమ్మ' కథకు కూడా మూలం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకమే. అంటే ఒకే ఏడాదిలో నాటకాల నుంచి పుట్టిన రెండు పాత్రలు, ఒకదానితో ఒకటి పోలికే లేనివి, ఆమె చేతికి వచ్చాయన్నమాట.

సావిత్రి గారు ఏం చేశారు?

ఒకటి. ఆమె విన్నారు. నటన అంటే మాట్లాడటమని మనం అనుకుంటాం. మధురవాణి చుట్టూ ఉన్న మగవాళ్లంతా మాటల పోగులు. గిరీశం కోతలు కోస్తాడు. రామప్ప పంతులు తన తెలివిని తానే పొగుడుకుంటాడు. ఆ మాటలు సాగుతున్నంతసేపూ సావిత్రి గారి మొహం చూడండి. పెదవి మీద మర్యాద ఉంటుంది, కంట్లో లెక్క ఉంటుంది. వాళ్లు చెప్పేది అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసిందని వాళ్లకు తెలియకూడదు. చూసే మనకు మాత్రం తెలియాలి. ఈ మూడూ ఒకే చూపులో పలకడం మామూలు విషయం కాదు.

రెండు. తన హాస్యానికి తాను నవ్వలేదు. మంచం కింద ఒకరి తర్వాత ఒకరు దూరడం, పూటకూళ్లమ్మ చీపురుతో రావడం, దెబ్బ వేరే మనిషికి తగలడం నాటకంలో పేరుపొందిన ఘట్టం. ఇలాంటి చోట నటి కూడా గంతులేస్తే అది కేవలం గోల అవుతుంది. చుట్టూ గందరగోళం నడుస్తుంటే మధురవాణి నిలకడగా ఉండాలి. ఆ నిలకడను సావిత్రి గారు పట్టుకున్నారు. అందుకే ఆమెను చూసి మనం నవ్వం, ఆమెతో కలిసి మగవాళ్లను చూసి నవ్వుతాం. ఈ తేడా చాలా పెద్దది.

మూడు. జాలి అడగలేదు. ఏడిపించడం ఆమెకు చేతకాక కాదు, 'దేవదాసు' అందుకు సాక్ష్యం. వేశ్య పాత్ర దొరికితే కంటనీరు పెట్టి, 'నా బతుకింతే' అన్నట్టు చూసి, ప్రేక్షకుల చేత అయ్యో అనిపించుకోవడం సులువు. సావిత్రి గారు ఆ దారి పట్టలేదు. ఆమె మధురవాణి తలెత్తి ఉంటుంది. కరటకశాస్త్రి వచ్చి సుబ్బి గోడు చెప్పుకున్నప్పుడు ఆమె సాయం చేస్తుంది. తన పాపం కడుక్కోవాలని కాదు, ఒక పసిపిల్ల గొంతు కోస్తున్నారు కాబట్టి చేస్తుంది. అది మనసున్న మనిషి ఎవరైనా చేసే పని. అందులో 'అయినా'కు చోటే లేదు.

నాలుగు. చివరి ఘట్టంలో నిగ్రహం. సౌజన్యారావు పంతులు వేశ్యల గాలి సోకకూడదని నియమం పెట్టుకున్న సంస్కర్త. నిజం చెప్పాలంటే తనకొక ముద్దు ఇవ్వాలని మధురవాణి షరతు పెడుతుంది. లుబ్ధావధాన్లు ప్రాణం కోసం ఆయన తన నియమాన్ని వదులుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఆమే వెనక్కి తగ్గుతుంది. చెడని మనిషిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట తనకుందని చెబుతుంది. ఆయన చేతి నుంచి భగవద్గీత అందుకుంటుంది. ఇక్కడ ఎవరు ఎవరికి నేర్పారు? మనుషుల్ని కులాన్నిబట్టీ వృత్తినిబట్టీ వేరుచేసి చూడటంలోని లోపాన్ని సంస్కర్తకు నేర్పింది ఆమే కదా! ఇంత బరువైన పాత్రకు అరుపులు తగవు. గొంతు తగ్గించి, చూపు నిలిపి మాట్లాడే నటి కావాలి. సావిత్రి గారు అలాంటి నటి.

మన ప్రాంతం నుంచి చూస్తే

విజయనగరం అగ్రహారాల కథ ఖమ్మం అడవి అంచున ఉన్న మనకెందుకు అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మన హాస్టళ్లలో దళితవాడల పిల్లలున్నారు, పాల్వంచ, దుమ్ముగూడెం, చర్ల వైపు కోయగూడేల పిల్లలున్నారు. మన ఇళ్లలో మారుమనువు తప్పు కాదు. భర్త పోయిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకుంటే లోకం తల్లకిందులు కాదు. కాబట్టి బుచ్చమ్మ కష్టం మనకు మొదట వింతగా తోస్తుంది. కోయ ఇళ్లలో ఓలి ఇస్తారు. అది కూడా పిల్ల తరఫువారికి మగపిల్లవాడి ఇంటివారు ఇచ్చేదే. అలాగని ఓలినీ అగ్రహారపు కన్యాశుల్కాన్నీ ఒక గాటన కట్టకూడదు. ఓలి అనేది ఇంటికీ చేనుకూ రెక్కల బలమైన పిల్ల పుట్టింటి నుంచి వెళ్లిపోతున్నందుకు ఇచ్చే మర్యాద. అది మూడేళ్ల పసిగుడ్డును ముసలివాడికి కట్టబెట్టే బేరం కాదు. పుస్తకంలో ఉన్న ఆచారాన్ని మన ఆచారంతో పోల్చి, ఎక్కడ కలుస్తుందో ఎక్కడ విడిపోతుందో రాసుకోవడం కూడా చదువే.

కలిసే చోటు మాత్రం ఒకటుంది. అడగకుండా ఆడపిల్ల బతుకును పెద్దలు ఖరారు చేయడం. అగ్రహారంలో డబ్బు పిల్ల తండ్రికి వచ్చింది. ఇప్పుడు కట్నం పేరుతో పిల్ల తండ్రి నుంచి పోతోంది. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. అయినా ఒకప్పుడు కట్నమే తెలియని మన వాడల్లోకి కూడా అది పాకింది. ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవాడికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చెబుతోంది. అయినా పదో తరగతి పరీక్షలు రాసి వేసవి సెలవులకు వెళ్లిన పిల్లలు కొందరు మళ్లీ పెట్టె తీసుకుని రారు. మాతో ఒకే గదిలో పడుకుని, ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్లలోనూ అలా రానివాళ్లున్నారు. వాళ్లలో మాకంటే బాగా చదివేవాళ్లూ ఉన్నారు. సుబ్బి కథ మనకు పాతది కాదు. సుబ్బికి మేనమామ ఉన్నాడు, మధురవాణి ఉంది. మన తోటి పిల్లకు అలాంటి అవసరం వస్తే మాట సాయం చేయాల్సింది మనమే. 1098 నంబరు ప్రతి గది గోడ మీద రాసి పెట్టుకుందాం.

మన వేదిక మీద

వార్షికోత్సవానికి ఏటా ఏదో ఒక నాటిక వేస్తాం. ఈసారి 'కన్యాశుల్కం' నుంచి ఒక ఘట్టం వేయండి. ఏడు అంకాలు అక్కర్లేదు, పావుగంట చాలు. మధురవాణి, కరటకశాస్త్రి మాట్లాడుకునే ఘట్టమైతే ఒక మంచం, రెండు పాత్రలతో సరిపోతుంది. బాలికల హాస్టల్ కదా, మీసాలు కూడా మనమే పెట్టుకోవాలి. స్థానం వారు ఆడవేషం కట్టి మెప్పించారు, మనం మగవేషం కట్టి మెప్పిద్దాం. నాటకంలోనే మధురవాణి మగవేషం వేసింది!

సాధన చేసేటప్పుడు సావిత్రి గారి నటన నుంచి ఈ నాలుగు సూత్రాలు తీసుకోండి.

మొదటిది, ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే మన వంతు ఎప్పుడొస్తుందా అని చూడొద్దు. నిజంగా వినండి. వినే మొహమే సగం నటన.

రెండోది, చేతులకు పని ఇవ్వండి. తమలపాకు చుట్టడమో, పేకముక్కలు సర్దడమో పెట్టుకుంటే మాట సహజంగా వస్తుంది.

మూడోది, మన వేదిక మీద ఉండేది ఒకటే మైకు. అందరూ దాని చుట్టూ గుంపు కడతారు. అలా కాకుండా మైకు మధ్యలో కాస్త ఎత్తుగా పెట్టించి, మాట తేలిగ్గా, స్పష్టంగా పలకడం అలవాటు చేసుకోండి. వాక్యం చివర మింగేయకుండా ఉంటే చాలు, అరవాల్సిన పనిలేదు.

నాలుగోది, మీ యాసకు సిగ్గుపడొద్దు. గ్రాంథికమే గొప్పదనుకునే కాలంలో గురజాడ తన ఊరి జనం మాట్లాడుకునే భాషను నాటకానికి ఎక్కించారు. అదే ఆ నాటకాన్ని నూరేళ్లు దాటించింది. మన ఖమ్మం మాటలో, భద్రాద్రి మాటలో పాత్ర పలికితే దానికి తక్కువేమీ రాదు.

చివరి మాట

సావిత్రి గారు 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆమె పడ్డ కష్టాలు అందరూ చెప్పుకుంటారు. 2018లో వచ్చిన 'మహానటి' చూసి మన హాస్టల్లోనూ కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ పాత్ర పోషించిన కీర్తి సురేష్ గారికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కన్నీళ్లు తప్పు కాదు. కానీ పాత్రకు జాలి అడగని నటిని మనం జాలితోనే గుర్తుపెట్టుకుంటే ఆమె పనికి అన్యాయం చేసినట్టే. ఆమె బతుకు గురించి ఒక గంట మాట్లాడుకుంటే, ఆమె నటన గురించి కనీసం మరో గంట మాట్లాడుకోవాలి. పాత నలుపు తెలుపు సినిమాను ఇప్పుడు ఫోనులో కూడా చూడవచ్చు. నాటకం లైబ్రరీలో ఉంటుంది. ముందు నాటకం చదివి, తర్వాత సినిమా చూడండి.

రేపు పరీక్షలో మధురవాణి గురించి అడిగితే ఆ పాత వాక్యాన్ని కొంచెం మార్చి రాయండి. 'మధురవాణి వేశ్య. మధురవాణి ఉదాత్తురాలు.' రెండు వాక్యాలు చాలు, మధ్యలో 'అయినా' వద్దు. అలాగే రేపు ఉద్యోగంలోనో, పై చదువులోనో మీ ఊరూ వాడా అడిగినవాళ్లకు తలెత్తి చెప్పండి. 'మేము హాస్టల్లో చదివాం. మేము బాగా చదివాం.'

చర్చకు కొన్ని ప్రశ్నలు

1. నాటకంలో ఎవరెవరు ఏమేమి అమ్ముకుంటున్నారు? ఒక పట్టిక రాయండి.
2. ఓలి, కన్యాశుల్కం, వరకట్నం – ఈ మూడింటికీ తేడాలేమిటి? మీ ఇంట్లో పెద్దలనడిగి తెలుసుకోండి.
3. సౌజన్యారావు మధురవాణికి నేర్పారా, మధురవాణి సౌజన్యారావుకు నేర్పిందా? రెండు జట్లుగా వాదించండి.
4. సినిమాలో మధురవాణి మాట్లాడకుండా వింటున్న ఒక ఘట్టాన్ని శబ్దం తీసేసి చూడండి. ఆమె ఏమనుకుంటోందో అయిదు వాక్యాల్లో రాయండి.